చాలా చిన్న తోట

అక్క అపార్ట్‌మెంట్ ఖాళీ చేసిన రోజున నన్ను ఓడించింది ఒక బకెట్టు. అంతకుముందు మంచం విప్పాను, పెట్టెలు మోశాను, ఆవిడ తెల్ల యూనిఫారాలు మడతపెట్టి సంచుల్లో సర్దాను. అప్పటిదాకా నిబ్బరంగానే ఉన్నాను. బాల్కనీ మూలన ఉన్న ఆ ప్లాస్టిక్ బకెట్టుని అందుకుని ఎత్తబోతే నా నడుం కదిలింది కానీ బకెట్టు కదల్లేదు. లోపల నిండా సున్నం. ఎప్పుడో తడిపి, వాడగా మిగిలింది, ఏళ్ల తరబడి వానకీ ఎండకీ గడ్డకట్టి, బకెట్టు ఆకారంలోనే రాయైపోయింది.

అపార్ట్‌మెంట్ మేనేజర్ వచ్చి అదేమిటని అడిగాడు. తోట సామాను అన్నాను. ఆ బాల్కనీలో తులసి మొక్కంత తోట కూడా లేదు. అతను నన్నూ బకెట్టునీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. నేను దాని పక్కనే చతికిలబడి, అక్క పోయినప్పటినుంచీ ఏడవని ఏడుపు అక్కడ ఏడ్చాను.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. అమెరికాలో, హెర్న్‌డన్‌లో నా మొదటి చలికాలం, బస్‌స్టాపు దగ్గర జారి పడితే ఎవరో ఆసుపత్రికి చేర్చారు. తెల్లటోపీ పెట్టుకున్న నర్సు ఒకావిడ నా మణికట్టు పట్టుకుని, వాచీ చూసుకుంటూ, "ఐసు మీద నువ్వు పడ్డావా, ఐసే నీమీద పడిందా?" అంది. తెలుగులో. తెలుగువాణ్ణని ఎలా తెలిసిందండీ అని అడిగాను. "నాడి తెలుగులో కొట్టుకుంటోంది," అంది. మంచానికి వేలాడుతున్న కాగితం మీద నా ఇంటిపేరు చూసిందన్న సంగతి నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఆవిడ ఎవరినైనా పలకరించే తీరే అది. చెయ్యి కలపదు, నమస్కారం పెట్టదు. మణికట్టు దొరకబుచ్చుకుని రెండు వేళ్ళు ఆనిస్తుంది. మాట్లాడుతున్నంతసేపూ వదలదు. కూరల కొట్టు మనిషైనా అంతే, పెద్ద డాక్టరైనా అంతే. నేను ఒకసారి ఎదురు పరీక్ష పెడదామని ఆవిడ చెయ్యి పట్టుకుంటే కాసేపు ఓర్చుకుని, "నువ్వు చూస్తున్నది ఎముకరా అబ్బాయ్," అంది.

నేను అట్టముక్కలకి కన్నాలు పొడిచి, దొంతర్లుగా పేర్చి కంప్యూటర్లకి తినిపించే ఉద్యోగం చేసేవాణ్ణి. అంత పెద్ద యంత్రం నా మాట వినేది. కారు వినేది కాదు. డ్రైవింగ్ టెస్టులో వరసగా తప్పుతుంటే అక్క జాలిపడి నేర్పడానికి ఒప్పుకుంది. పాఠమల్లా ఆదివారం మధ్యాహ్నం. దారి ఎప్పుడూ ఒకటే: ఊరు దాటి, డెయిరీలూ మొక్కజొన్న చేలూ దాటి, కొండలవైపు గంటసేపు, ఒక పాత ఇటుకల చర్చి దాకా.

"బ్రేకు మీద కాలు, దేవుడి మీద కళ్ళు," అనేది.

"కళ్ళు రోడ్డు మీద ఉండాలి కదక్కా?"

"రోడ్డు మీద నువ్వు పెట్టు. నీ మీద నేను పెడతా."

ఆ చర్చి ఈ దేశానికి ఇంకా రాజు ఉన్న రోజుల్లో ఇంగ్లండు వాళ్ళు కట్టుకున్నది. వాళ్ళ పల్లెల్లో ఎలాంటివి ఉంటాయో అచ్చం అలాంటిదే కావాలని, అదే కొలతలతో, అదే ఎర్ర ఇటుకతో, చుట్టూ రాతిగోడా గోడలోపల సమాధులతో కట్టారు. మన దేశంనుంచీ వీళ్ళ దేశంనుంచీ కూడా దొరలు వెళ్ళిపోయారు, పోతూపోతూ గుళ్ళు మాత్రం రెండుచోట్లా మర్చిపోయారు అనేవాణ్ణి. అక్క నవ్వేది కాదు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, దివిసీమలో వాళ్ళ ఊరి గుడి కూడా దొరలు కట్టిందే. చర్చి అనే పట్నం మాట ఆవిడ నోట రాదు, గుడే. ఇటుక ఇంతే ఎరుపు, కిటికీలు ఇంతే పొడుగు, కాకపోతే అక్కడ గాలిలో ఉప్పు ఉంటుంది అనేది.

ఆదివారం మధ్యాహ్నాలు చూడవచ్చేవాళ్ళకి చర్చి తలుపు తీసి చూపించే పెద్దావిడ పేరు డోరతీ. ముత్తాతలనాటినుంచీ ఆ చర్చివాళ్ళే. పేరు అక్క నోట్లో మొదటి వారం దొరతీ అయి, రెండో వారానికి దొరసాని అయి కూర్చుంది. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు అక్క గుమ్మం దగ్గర బూట్లు విప్పింది. ఆవిణ్ణి చూసి నేనూ విప్పాను. గుడంటే చెప్పులు విప్పడం నాకు ఒకరు చెప్పాల్సిన పని కాదు, దేవుడెవరైతేనేం. జనవరి నెల, కింద రాతి పలకలు. డోరతీ మా మేజోళ్ళ వంక చూసి, ఇక్కడ అవసరం లేదండీ అని మెల్లిగా చెప్పింది. అక్క కూడా అంతే మెల్లిగా, నాకు అవసరమండీ అంది. కొన్ని వారాలకి గుమ్మం పక్కన ఒక చిన్న చాప వెలిసింది, మా బూట్ల కోసం.

ఆ చర్చిలో బల్లలు బల్లల్లా ఉండవు. ఒక్కో కుటుంబానికి ఒక్కో చెక్కగది, ఛాతీ ఎత్తు గోడలు, దానికో తలుపు. చలికి కాచుకోవడానికట. అక్క ఒక గదిలోకి దూరి తలుపేసుకుని, కొంగు తలమీదకి లాక్కుని నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చునేది. వాళ్ళ ఊరి గుడిలో ఆడవాళ్ళు కూర్చునేది కిందనే, చాపలమీద. ఒక సాయంత్రం డోరతీ అంతా ఖాళీ అయిందనుకుని తాళం వెయ్యబోతుంటే, మనిషి జాడ లేని చర్చిలోంచి సన్నగా కూనిరాగం వినపడిందట. దెయ్యాలేమోనని పూర్వీకులందరినీ తలుచుకుందట. ఆ కథ డోరతీ వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. అక్కేమో, మీ పూర్వీకులు తెలుగు పాటలు ఎప్పుడు నేర్చారమ్మా అనేది. ఇద్దరికీ అలా జతకుదిరింది. డోరతీ కబుర్లు చెబుతూ తన మణికట్టు తనే ముందుకి చాపేది.

అక్కకి ఒక కొడుకు. నడక రాకముందే పోయాడు. వాడు వాళ్ళ ఊరి గుడి వెనక, సముద్రం వైపు గోడవారన ఉన్నాడు. ఈ ముక్క నాకు మొదటి నెలలోనే, కారు పక్కకి ఆపడం నేర్పుతూ, దారి చెప్పినంత మామూలుగా చెప్పింది. భర్త గురించి అడిగితే, "ఆయన బతికే ఉన్నాడు, వదిలెయ్," అంది. ఏటా నవంబరు రెండున, సమాధుల పండుగనాడు, ఊళ్ళో వాళ్ళన్నయ్య ఆ చిన్న సమాధికి సున్నం వేసి, చేమంతులు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తాడు. ఆ రోజు అక్క ఇక్కడ డ్యూటీలో ఉన్నా సరే మనసు ప్రశాంతంగా ఉంటుందని చెప్పేది. అక్కడ తెల్లగా ఉందిలే అని తెలిస్తే చాలు.

ఆ తర్వాతి నవంబరులోనే ఉప్పెన వచ్చింది. ఇక్కడి పేపర్లో లోపలి పేజీలో అంగుళమంత వార్త. ట్రంకు కాల్ దొరకడానికి ఎన్నాళ్ళో పట్టింది. అక్క ఫోను పట్టుకుని కూర్చుంటే నేను పక్కనే ఉన్నాను. అన్నయ్యా వదినా పిల్లలూ గుడి పైకప్పు పట్టుకుని బతికారు. ఊళ్ళో సగం మంది లేరు. అన్నీ విన్నది, దేవుడికి స్తోత్రం చెప్పింది, చివర్న గుడి వెనక ఎలా ఉందన్నయ్యా అని అడిగింది. అవతల ఆయన గొంతు నాకు కూడా వినపడింది.

"వెనకేం లేదు, ఇసక. ఇప్పుడు పోయినవాళ్ళకి పాడె కట్టే దిక్కులేక మేం ఏడుస్తుంటే, నువ్వు ఎప్పుడో పోయినవాడి సంగతి అడుగుతావేంటే?"

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. అక్క కూడా పట్టలేదు. ఫోను పెట్టేసి, "నిజమే కదా," అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కానీ అంత పెద్ద దుఃఖం మధ్య తన చిన్న దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. పోయిన కొడుకు రెండోసారి పోతే ఏడవడానికి ఎవరూ ఒప్పుకోరు.

ఆ చలికాలమే మొదటిసారి చర్చి బయట, సమాధుల మధ్య తిరిగింది. తూర్పువైపు, డోరతీ వాళ్ళ కుటుంబం స్థలం అంచున, మోకాలెత్తు రాయి ఒకటుంది. అక్షరాలు అన్నీ అరిగిపోయాయి. పైన మాత్రం చిన్న గుండ్రటి ముఖం, దానికి అటొకటి ఇటొకటి రెక్కలు, చెక్కడం ఇంకా తెలుస్తోంది. ఎవరిదని అడిగితే, అంత చిన్న రాయంటే పసిబిడ్డదే అయుంటుంది, రాతకోతలన్నీ ఏదో యుద్ధంలో తగలబడ్డాయి, ఎవరికీ తెలీదు అంది డోరతీ. అక్క వంగి, ఆ ముఖం కింద రెండు వేళ్ళు ఆనించి చాలాసేపు ఉంది. ఆ మరుసటి వారంనుంచి ఆవిడ గదిలో నేలమీద కాక కిటికీ పక్క బల్లమీద కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి ఆ రాయి కనపడుతుంది.

ఏడాది తిరిగి మళ్ళీ నవంబరు వస్తుండగా నన్ను హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్ళింది. సున్నం బస్తా అడిగింది. ఇక్కడ సున్నం గడ్డిమీద చల్లుకోవడానికి కొంటారు. షాపులో కుర్రాడు, మీ తోట ఎంత ఉంటుంది మేడమ్ అని అడిగాడు.

"చాలా చిన్నది," అంది అక్క. చేతులు రెండూ మూరెడు ఎడంగా పెట్టి చూపించింది.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

పండుగనాడు కారు డిక్కీలో బకెట్టు చూసి, కారు కడిగించబోతోంది కాబోలనుకున్నాను. క్రైస్తవుల పండుగల్లో నాకు తెలిసింది క్రిస్మస్ సెలవొక్కటే. సున్నం ముందురోజే తడిపి ఉంచింది. వాళ్ళ గుడి మొత్తానికి సరిపోయేంత కలిపింది. అందులో చిటికెడు నీలిమందు వేసింది, తన యూనిఫారాలకి వాడే సీసాలోంచి. నీలం పడకపోతే తెలుపు తెలుపులా ఉండదట. ముందు స్టీలు పీచుతో ఆ రాయిమీద పాచి అంతా తోమింది, చంటివాడికి నలుగు పెట్టినట్టు. చెవుల వెనక, మెడ కింద, రెక్కల సందుల్లో. తర్వాత కుంచెతో ఒక పూత, ఆరాక ఇంకో పూత. రాయి మొదట్లో పసుపు చేమంతులు గుచ్చింది, కొవ్వొత్తి వెలిగించింది. ఆ బూడిదరంగు రాళ్ళన్నిటి మధ్యా, ఎర్రటి మేపుల్ ఆకుల మీద, ఆ ఒక్కటీ పాలపన్ను వచ్చినట్టు తెల్లగా మెరిసింది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని అలా చూస్తూ ఉండిపోయింది. ఉప్పెన తర్వాత ఆవిడ ముఖంలో అంత నెమ్మది నేను చూడలేదు.

డోరతీ అప్పుడే తాళాలు తీసుకుని వస్తోంది. అక్క చెయ్యి ఊపి పిలిచింది.

"చూడండి, ఎంత బాగుందో."

డోరతీ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ ముఖం చూసి అక్కకి మెల్లిగా అర్థం కావడం మొదలైంది.

ఆ శనివారం చర్చి పెద్దలు రమ్మన్నారు. దుబాసీగా నన్ను తోడు తీసుకెళ్ళింది, ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కన్నా బాగున్నా. ఈ దేశంలో మందలించే ముందు కాఫీ ఇచ్చి కుకీలు పెడతారు. కుకీ ఎంత బాగుంటే విషయం అంత పెద్దదని నాకప్పటికే అనుభవం. ఆ రోజు కుకీలు చాలా బాగున్నాయి. బో టై కట్టుకున్న పెద్దాయన ఎంతో మర్యాదగా, ఆ రాయి ఈ దేశం కన్నా పాతదమ్మా అన్నాడు. పాత రాళ్ళని ముట్టుకోవడానికి కూడా నిపుణులుండాలన్నాడు.

"అందుకే కడిగానండీ," అంది అక్క. "ఇన్నేళ్ళలో ఎవరూ కడగలేదు."

ఆ బిడ్డ మీకు ఏమవుతుందని అడిగాడాయన. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

అక్క కప్పు కింద పెట్టింది. వాళ్ళ ఊరి గుడి గురించి, సముద్రం వైపు గోడ గురించి, ఫోనులో అన్నయ్య మాట గురించి, వార్డులో ఒక రోగి సంగతి ఇంకో నర్సుకి అప్పజెప్పినట్టు క్లుప్తంగా చెప్పింది. తర్వాత అంది:

"ఇక్కడ రాయి ఉంది, తల్లి లేదు. నేను తల్లిని, నాకు రాయి లేదు. ఏటా ఒక్కరోజు చూసుకుంటాను. నేను అడిగేది అంతే."

డోరతీ కిటికీ వైపు తిరిగింది. పెద్దాయన తన కుకీ పక్కన పెట్టాడు. కాదనలేదు. నిపుణుణ్ణి పిలిపించి సున్నం తీయిస్తామనీ, ఆ తర్వాత ఏటా వచ్చి పూలూ కొవ్వొత్తీ పెట్టుకోవచ్చనీ, సున్నం మాత్రం వద్దనీ అన్నాడు. అక్క ఒప్పుకుంది. కారెక్కాక, "ఎంత మంచివాళ్ళో," అంది. చలికాలమంతా వచ్చే పండుగకి ఏ రంగు పూలు తేవాలో మాట్లాడింది.

వసంతంలో ఆ నిపుణుడు వచ్చాడు. వట్టి నీళ్ళతో, చెక్కపుల్లలతో, ఎంతో జాగ్రత్తగా పని చేశాడట. ఆ రాయి మెత్తటి రాయి. పైపొర ఎప్పుడో వదులైపోయి, ఆ పాచే దాన్ని పట్టుకుని ఉంచింది. పీచుతో తోమినప్పుడు పాచి పోయింది. ఇప్పుడు సున్నం ఊడుతూ ఊడుతూ ముఖాన్ని కూడా ఊడ్చుకుపోయింది.

మేం వెళ్ళేసరికి డోరతీ బయటే, గుమ్మం ముందు, మా బూట్ల చాప మీద నిలబడి ఉంది. ఇంకెవరి నోటనో వినకూడదని పొద్దున్నుంచీ కాచుకుని ఉందట. తనే అక్క మణికట్టు పట్టుకుని చెప్పింది. అక్క అంతా వింది.

"మొత్తం పోయిందా?"

"ఒక రెక్క మిగిలింది."

అక్క తల ఊపింది. బూట్లు విప్పింది. లోపలికి వెళ్ళి గది తలుపు వేసుకుంది. కిటికీ పక్క బల్లమీద కాదు, నేలమీద, ఏ కిటికీ కనపడనంత కింద. కూనిరాగం వినపడుతుందేమోనని నేనూ డోరతీ బయట నిలబడి చెవులు రిక్కించాం. రాలేదు.

తిరుగుదారిలో ఒక్కమాటే అంది. "ఒకడ్ని సముద్రం కడిగేసింది. ఇంకోడ్ని నేనే కడిగేశాను."

అక్క ఆ తర్వాత కూడా ప్రతి వారం గుడికి వెళ్ళింది. నేను టెస్టు పాసయ్యాను, అయినా ఆదివారాలు డ్రైవరు ఉద్యోగం మానలేదు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఎంతమందికో ఆవిడ ఆ దారిలోనే డ్రైవింగ్ నేర్పింది. ఆవిడ శిష్యులకి వర్జీనియాలో ఇంకే దారీ సరిగా తెలియదు. సమాధుల పండుగనాడు డోరతీ ఏటా రమ్మనేది. అక్క గేటు దాకా వచ్చి, చేమంతులు డోరతీ చేతికిచ్చి, మీరే పెట్టండి అని వెనక్కి తిరిగేది. వేళ్ళు తగిలితే ఆ రెక్క కూడా పోతుందని భయం. ఐసీయూలో ఎవరి చెయ్యి వణికినా కేకలేసే మనిషి.

జబ్బు సంగతి తనకే ముందు తెలిసింది. తనే చోటు కూడా చూసుకుంది, హైవే పక్క కొత్త స్మశానంలో. అక్కడ రాళ్ళు నిలబడవు. గడ్డి కోసే మిషన్‌కి అడ్డు రాకుండా నేలలోకి పొదిగిన ఇత్తడి పలకలు, అంతే. "బాగుంటుందిరా, సున్నం వెయ్యాలన్నా వీలు కాదు," అంది. ఆఖరి రోజుల్లో ఆవిడ చెయ్యి నేను పట్టుకునేవాణ్ణి. నాడి దొరికేది కాదు. నాకెప్పుడూ దొరకదు కదా అని ధైర్యం చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు కూడా అలాగే చెప్పుకుంటూ కూర్చున్నాను, నర్సు వచ్చి నా చెయ్యి మెల్లిగా విడిపించేదాకా.

బకెట్టుని పక్కింటాయన సాయంతో కారెక్కించాను. ఎక్కడ పారేస్తావని ఆయన అడిగాడు. పారేసే చోటు గురించి నేను ఆలోచించనే లేదు. కారుకి ఒకటే దారి తెలుసు.

డోరతీ ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. డిక్కీలోకి తొంగి చూసి, అదేమిటో నేను చెప్పకుండానే గుర్తుపట్టింది. తోటపని కత్తెర తెచ్చి బకెట్టుని నిలువునా కోయించింది. ప్లాస్టిక్ విడిపోయి లోపలిది బయటపడింది. నున్నగా, గుండ్రంగా, తెల్లగా, కనీ కనపడని నీలంతో.

తను తన తల్లిదండ్రుల సమాధుల పక్క ఖాళీ నేల చూపించింది. ఆ చిన్న రాయికి జానెడు ఎడం.

"ఇది నాకోసం ఉంచిన చోటు. ఇంకా వాడుకోవడం లేదుగా."

పెద్దలు ఏమంటారోనన్నాను.

"నేను వచ్చి పడుకున్నాక అడగమను."

దొర్లించి పెట్టాం. ఆవిడ ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఒక్కొక్క బూటూ విప్పి, తడి ఆకుల మీద నిలబడింది. నేనూ విప్పాను. ఇద్దరికీ ప్రార్థన ఏదీ తోచలేదు.

ఈ నవంబరులో మళ్ళీ వెళ్ళాను. వారమంతా వాన. సున్నపు ముద్ద పైన కొంచెం కొంచెంగా కరిగి, సన్నటి తెల్లటి ధార పల్లానికి జారి, ఆ చిన్న రాయి మొదట్లో చేరి ఉంది, ఒంటి రెక్క కిందుగా. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ పుయ్యలేదు. కాఫీకి పిలిచి వానని మందలించేవాళ్ళు ఉండరు కదా.

వంగి అక్కడ రెండు వేళ్ళు ఆనించాను. వేళ్ళకి అంటిన తెలుపు స్టీరింగ్ మీదకి ఎక్కింది. తుడవలేదు. దారి పొడుగునా కళ్ళు రోడ్డు మీదే పెట్టాను. నా మీద పెట్టడానికి పక్క సీట్లో ఎవరూ లేరు.